వేడినీళ్ల అలమరలో జాడీ

మా అత్తగారింట్లో ఒక నియమం ఉండేది. గడప లోపలికి మందు తెచ్చినవాళ్లు ఆ పూటే బయటికి నడవాలి. అది ఉత్త బెదిరింపు కాదు. నేను కోడలిగా రాకముందు, ఆవిడ పెద్దకొడుకు ఏమస్ కోటు జేబులో ఒక బీరు సీసా దొరికిందట. టీ బల్ల ముందునుంచి లేపి పంపేశారు. అతను మళ్లీ ఆ గడప తొక్కలేదు. అతని కుర్చీ మాత్రం బల్ల దగ్గరే ఉండేది. ఎవరం దానిమీద కూర్చునేవాళ్లం కాదు.

అలాంటి ఇంట్లో నేను వైన్ పెట్టాను. అది 1972 జనవరి.

అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు. మా ఆయన ఎడ్గర్ పోయి నాలుగేళ్లయింది. పిల్లలు లేరు. లీడ్స్ వైపున్న కాల్డర్‌షా ఊళ్లో, బ్యాంక్ వీధిలో, కింద రెండు గదులూ పైన రెండు గదులూ ఉన్న ఆ ఇంట్లో నేనూ, మా అత్తగారు కెజైయా గారూ మిగిలాం. ఆవిడకు డెబ్బై ఎనిమిది. కాళ్లు పట్టు తప్పాక మంచం ముందుగదిలోకి, బొగ్గుల పొయ్యి పక్కకి దించాం. చూపు మసకబారింది కానీ చెవులు మాత్రం పక్కింటివాళ్ల గడియారం ఎంత వెనకబడిందో చెప్పేంత చురుకు. మంచం తలవైపు గోడకి ఒక కాగితం అద్దం కట్టించి ఉండేది. బతికినంతకాలం మత్తు పానీయం ముట్టనని ఏడో ఏట ఆవిడ పెట్టిన సంతకం. మా చర్చిలో పిల్లలందరిచేతా పెట్టించేవాళ్లు, నాచేతా పెట్టించారు. పెద్దయ్యాక చాలామంది దాన్ని మర్చిపోయారు. ఆవిడ మర్చిపోలేదు.

గంటకు మించి నేను బయటికి వెళ్లడానికి ఉండేది కాదు. ఆవిడ వద్దనేవారు కాదు. "వెళ్లిరా అమ్మాయ్, నాకేం, ఈ మంచమే కదా," అనేవారు. ఆ మాట విన్నాక లైబ్రరీలో పుస్తకం తీసుకుంటున్నా, రొట్టెల దుకాణం ముందు నిలబడినా, పొయ్యిలోంచి నిప్పురవ్వ దుప్పటిమీద పడ్డట్టే అనిపించేది. చాలాసార్లు సగం దారిలో వెనక్కి తిరిగి వచ్చేసేదాన్ని.

నా చెల్లెలు థర్జా ఆస్ట్రేలియా వెళ్లిపోతోంది. భర్త డెస్‌కి అడిలైడ్‌లో ఉద్యోగం దొరికింది. మా అమ్మ పోయేనాటికి థర్జాకి నాలుగేళ్లు. జడలు వేసి, బడికి పంపి, పెళ్లి చేసి పంపింది నేనే. తను ఊరికే వెళ్లడం లేదు, నన్నూ తీసుకెళ్తానంది. నా పేరున దరఖాస్తు పెట్టించింది. డాక్టరు పరీక్ష ఉన్న రోజు నేను పంటి నొప్పి అని చెప్పి వెళ్లొచ్చాను. అన్నీ అయ్యాయి. ఓడలో నా పడక ఉంది. ఇక వస్తానని సంతకం పెట్టిన కాగితం ఒక్కటే పంపాలి. ఫిబ్రవరి ఆఖరి సోమవారం దానికి గడువు.

మా అత్తగారికి ఒక్క ముక్క చెప్పలేదు. ప్రతి పొద్దున్నా, టీ ఇచ్చేటప్పుడు చెప్పేద్దాం అనుకునేదాన్ని. తీరా ఇచ్చాక, "చక్కెర సరిపోయిందా అత్తయ్యా?" అనేదాన్ని.

జనవరిలో ఒక శనివారం థర్జా సంచీలో పెద్ద గాజు జాడీ, ఒక డబ్బా పెట్టుకుని వెనక గుమ్మంలోంచి వచ్చింది.

"ఏంటే అది?"

"ద్రాక్షరసం. మరగబెట్టి మరగబెట్టి పాకంలా చేస్తారు. నీళ్లు కలుపు, పంచదార వెయ్యి, ఈస్ట్ వెయ్యి, వెచ్చగా పెట్టి మర్చిపో. ఆరువారాల్లో వైన్ అయి కూర్చుంటుంది. ఓడెక్కేముందు మనిద్దరం తాగుదాం."

"మెల్లగా మాట్లాడు! ఆవిడ వింటారు. మీ ఇంట్లోనే పెట్టుకోవచ్చుగా?"

"మా ఇల్లు అమ్మేశాంగా. సామానంతా పెట్టెల్లో ఉంది. పెట్టెలమీద పిల్లలు పడుకుంటున్నారు, పిల్లలమీద డెస్ కాళ్లు చాపుతున్నాడు. నీకైతే పైన వేడినీళ్ల అలమర ఉంది." గొంతు తగ్గించి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇది బుడగలు మానేసిన రోజు నువ్వు ఆవిడకి చెప్పెయ్యాలి. మాటివ్వు."

మాటిచ్చాను.

మా మేడమీద నీళ్ల ట్యాంకు చుట్టూ చెక్క అలమర ఉంది. కరెంటు హీటరు వేడికి ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది కనక ఉతికిన దుప్పట్లు, చర్చి బల్ల మీద పరిచే తెల్లగుడ్డలు అందులో ఆరబెట్టేవాళ్లం. వాటి వెనక జాడీ పెట్టాను. మూతికి బిరడా, బిరడాలో వంపు తిరిగిన గాజుగొట్టం, అందులో కాసిని నీళ్లు. లోపలి గాలి ఆ నీళ్లలోంచి బుడగ అయి బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. రెండో రోజుకల్లా మొదలైంది. బుడుక్. కాసేపు ఆగి మళ్లీ బుడుక్. దుప్పట్లు తీసే వంకతో వెళ్లి ఆ చీకట్లో నిలబడేదాన్ని. ఆ ఇంట్లో నాదంటూ ఏదో పని జరుగుతున్నట్టు ఉండేది.

పదిరోజులు పోయాక ఆవిడ అడిగారు.

"హెస్టర్, పైన ఏదో కారుతోంది."

"ట్యాంకు అత్తయ్యా."

"ట్యాంకు నాకు తెలీదా? అది మూలుగుతుంది. ఇది ఎక్కిళ్లు పెడుతోంది. లూథర్ హోల్‌రాయిడ్‌కి కబురు పెట్టు, వచ్చి చూస్తాడు."

హోల్‌రాయిడ్ గారు చర్చి పెద్ద. బతుకుతెరువుకి పైపుల పని. ఆయన వచ్చాడంటే ముందు తెరిచేది ఆ అలమరే.  ఆలోచించకుండా అనేశాను.

"ద్రాక్షరసం అత్తయ్యా. చర్చి బల్లకోసం చేస్తున్నాను. వెచ్చగా ఉంటే తేరుకుంటుందని అలమరలో పెట్టాను."

వేరేచోట్ల అందరికీ గుక్కెడు వైన్ ఇచ్చే ప్రభు భోజనానికి కూడా మా చర్చిలో పులియని రసమే వాడేవాళ్లు. ఒక కంపెనీ సీసాల్లో పంపేది. అందుకే ఆ అబద్ధం అతికింది.

"అలాగా!" అన్నారు ఆవిడ. ముఖం విప్పారింది. "మరి చెప్పవేం? మంచిపని దాచుకుని చేస్తారా ఎవరైనా?"

ఫిబ్రవరి వచ్చింది. బొగ్గు గనుల్లో సమ్మె. ఊరంతా వంతులవారీగా కరెంటు తీసేవాళ్లు. మూడేసి గంటలు, ఒక్కోరోజు రెండుసార్లు. హీటరు ఆగి అలమర చల్లబడేది. బుడగలు తగ్గిపోయేవి. కరెంటు రాగానే మళ్లీ మొదలయ్యేవి. నాకు అంతుబట్టేది కాదు. ఆగితే చెప్పాలి. ఆగలేదు కనక చెప్పక్కర్లేదు. అలా ఇంకో వారం, ఇంకో వారం గడిచిపోయాయి.

గడువుకి నాలుగురోజుల ముందు, గురువారం, హోల్‌రాయిడ్ గారు మా అత్తగారిని పలకరించడానికి వచ్చాడు. టోపీ మోకాలిమీద పెట్టుకుని, కేకు తింటూ, సమ్మె వల్ల సరుకు బళ్లు రావడం లేదని, ఈ ఆదివారం బల్లకి రసం సీసా అందలేదని వాపోయాడు.

"దానికేం లూథర్? మా కోడలు చేస్తోందిగా," అన్నారు ఆవిడ.

ఆయన నావైపు తిరిగాడు. గడ్డానికి కేకు పొడి. "నిజంగానా అమ్మా? దేవుడే చేయించాడు. శనివారం ఆరింటికి వచ్చి తీసుకెళ్తా."

"అదింకా తేరుకోలేదండీ..."

"మసగ్గా ఉన్నా ఫరవాలేదు. మావాళ్ల కళ్లూ మసకే!" అని తన మాటకి తనే నవ్వుకున్నాడు.

శుక్రవారమంతా దారులు వెతికాను. ఆ డబ్బా మా ఊళ్లో దొరకదు, థర్జా లీడ్స్‌లో కొన్నది. లీడ్స్ వెళ్లిరావాలంటే సగం రోజు. జాడీ చెయ్యిజారి పగిలిందని చెప్పొచ్చు. అలమర తెరిచి జాడీని రెండుచేతులా పైకెత్తాను కూడా. ఎత్తి, పట్టుకుని, మళ్లీ అక్కడే పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పుడు నాకు తెలియలేదు.

చివరికి లైబ్రరీ పుస్తకంలో చదివింది గుర్తొచ్చింది. కాస్తే నీళ్లకంటే ముందు మత్తు ఆవిరైపోతుంది. శనివారం నాలుగింటికి బాగా మరగకాచి, చల్లార్చి ఇచ్చేస్తే సరి. పేపర్లో కరెంటు వంతులు చూసుకున్నాను. మా వీధికి పొద్దున తీస్తారు, సాయంత్రం ఉంటుంది. శనివారం గొట్టం వేసి, అడుగున మడ్డి కదలకుండా, పైతేటలో సగం పెద్ద గిన్నెలోకి దించాను. ఎలక్ట్రిక్ స్టవ్ మీద పెట్టాను. ఎడ్గర్ పోయే ముందు సంవత్సరం కొన్న స్టవ్ అది. గిన్నె అంచున మొదటి ఆవిరి కనబడేసరికి దీపం పోయింది.

నేను చూసింది పోయిన వారం పేపరు.

వంటింట్లో కదలకుండా నిలబడ్డాను. ఇంట్లో నిప్పంటూ ఉన్నది ఒక్కచోటే, ముందుగదిలో, ఆవిడ మంచం పక్కన. గిన్నె గుడ్డతో పట్టుకుని ఆ తలుపు దాకా వెళ్లాను.

"ఎవరది? హెస్టర్? లోపలికి రావేం?"

"వస్తున్నానత్తయ్యా."

"ఏం పట్టుకున్నావ్?"

ఆ పొయ్యిమీద గిన్నె పెట్టిన రెండోనిమిషానికి వాసన గదంతా నిండుతుంది.

"ఏం లేదు. దీపం పోయింది, కొవ్వొత్తి కోసం చూస్తున్నా."

"నాకు కొవ్వొత్తి ఎందుకే? నాకు పగలూ అంతే."

వెనక్కి వచ్చాను. హోల్‌రాయిడ్ గారు ఆరింటికి కాదు, అయిదింటికే టార్చిలైటు పట్టుకుని వచ్చేశాడు, చీకట్లో రోడ్డు దాటడం కష్టమని. నేను చేయగలిగింది ఒక్కటే. సగానికి సగం నీళ్లు పోసి, పంచదార కలిపి, కూజా నింపి ఇచ్చాను.

"మూతికి గుడ్డ ఇంత గట్టిగా కట్టావేం అమ్మా?"

"ఒలుకుతుందనండీ."

"మంచి కోడలు," అన్నాడు లోపలికి వినపడేలా.

మర్నాడు చర్చిలో నేను ఆఖరి బెంచీలో కూర్చున్నాను. వేలెడంత గ్లాసులు పళ్లెంలో వరసవెంట వెళుతున్నాయి. సంతకాలు పెట్టినవాళ్లు, పెట్టించినవాళ్లు, అందరూ తాగారు. నా ముందు కూర్చున్న టాబిథా క్రాషా పక్కావిడతో గుసగుసగా, "ఈసారి నాలుక మీద చిటపటలాడుతోంది కదూ?" అంది. "ఇంట్లో చేసిందట. అందుకే రుచి," అంది పక్కావిడ. గ్లాసు నా దగ్గరికి వచ్చినప్పుడు నేనూ తాగాను. తీపి, దానికింద చురుకు. ఎవరూ పడిపోలేదు. చర్చి మీద పిడుగు పడలేదు. మెట్లు దిగుతూ నలుగురు నా చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నారు.

అదే రోజు మధ్యాహ్నం పాస్టర్ పెంబర్టన్ గారు తోలుసంచీలో చిన్న సీసా పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. నడవలేని పెద్దవాళ్లకి మంచం దగ్గరే ఇవ్వడం మా వాడుక. ఆ సంగతి నేను మర్చిపోలేదు. ఆయనకి ఎదురెళ్లి సీసా లాక్కోవాలని మాత్రం నాకు తోచలేదు. ప్రార్థన చేసి గ్లాసు అందించారు. ఆవిడ తాగారు. పెదవులు మూసుకుని చాలాసేపు ఉండిపోయారు. పాస్టర్‌గారు వయసులో చిన్నవారు, అది భక్తి అనుకుని తనూ కళ్లు మూసుకున్నారు.

ఆయన వెళ్లాక ఆవిడ పిలిచారు.

"తలుపు వెయ్యి."

"వేశానత్తయ్యా."

"ఇది పులిసిన సరుకు."

గోడకి ఆనుకున్నాను. "అవునత్తయ్యా."

"డెబ్బై ఒక్క సంవత్సరాలు," అన్నారు ఆవిడ. గొంతులో కోపం లేదు. ఎవరో చెప్పిన సంగతి తిరిగి చెబుతున్నట్టుంది. "చర్చిలో అందరూ తాగారా?"

"తాగారు."

"లూథర్?"

"రెండు తీసుకున్నాడు. పళ్లెం తనే పట్టుకున్నాడుగా."

ఆవిడ ముఖం అదోలా కదిలింది. నవ్వో ఏడుపో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు అంటారు, అనుకున్నాను. ఇప్పుడే. బయటికి నడు అంటారు. పై గదిలో నా పెట్టె మంచం కిందే ఉంది. పావుగంటలో సర్దుకోవచ్చు. థర్జా ఇంటికి నడిచిపోవచ్చు. కాగితం మీద సంతకం పెట్టొచ్చు. ఎవరినీ వదిలి వెళ్లినట్టు కాదు, పొమ్మంటే పోయినట్టు. నెలన్నర రోజులు ఆ జాడీని ఆ ఇంట్లో ఎందుకు ఉంచానో, శుక్రవారం ఎందుకు పగలగొట్టలేదో, అక్కడ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నప్పుడు తెలిసింది నాకు. వెళతానని చెప్పే ధైర్యం నాకు లేదు. వెళ్లమని ఆవిడచేత అనిపించుకుందామని చూశాను.

"ఎప్పుడు పెట్టావు?" అన్నారు ఆవిడ.

"జనవరిలో."

"మా అమ్మ పెరట్లో పుల్లటి రేవల్చిని కాడలతో వైన్ చేసేది. మా నాన్నకోసం. గరిటె నాకి చూడమని నాకిచ్చేది. ఆరేళ్ల పిల్లని. ఆ రుచి పోలేదు నా నాలుకమీంచి, ఇన్నేళ్లయినా." పెదవి మళ్లీ నాలుకతో తడుముకున్నారు. "నీదింకా కాలేదు. మధ్యలో ఉంది. చలికి ఆగిపోయినట్టుంది."

"అత్తయ్యా, నన్ను వెళ్లిపొమ్మంటారా?"

అడిగేశాను. నోరారా అడిగాను.

ఆవిడ చెయ్యి దుప్పటిమీద నాకోసం వెతికింది. నేను దగ్గరికి వెళ్లక తప్పలేదు. నా మణికట్టు పట్టుకున్నారు. ముసలి చెయ్యి, కానీ పట్టు గట్టిది.

"ఒకసారి పంపాను ఒకణ్ణి," అన్నారు. "వాడు వీధి చివరిదాకా వెళ్లి ఆగాడు. బూట్ల చప్పుడు ఆగిపోయింది. పిలుస్తానేమోనని. పిలవలేదు. ఇంకోసారి అది నావల్ల కాదమ్మాయ్. భయపడకు. ఎవరికీ చెప్పను. నువ్వూ చెప్పకు. ఆ జాడీ కిందికి పట్టుకురా. ఇక్కడ పొయ్యి దగ్గర పెట్టు. వెచ్చగా ఉంటే అవుతుంది."

తిట్టి ఉంటే వెళ్లిపోయేదాన్ని. చెయ్యెత్తి కొట్టినా వెళ్లిపోయేదాన్ని. నేను మేడెక్కి, మిగిలిన సగం జాడీ గుండెకి హత్తుకుని, ఒక్కోమెట్టూ దిగి, పొయ్యి పక్కన పెట్టాను.

సోమవారం పొద్దున్నే థర్జా వచ్చింది, కాగితం తనే పోస్టు చేస్తానని. వెనక వంటింట్లో నిలబడే మాట్లాడుకున్నాం.

"చెప్పావా?"

"లేదు."

"అయితే ఇప్పుడు చెప్పు. నేను పక్కనే ఉంటా. రా."

"థర్జా, ఆవిడకి వైన్ సంగతి తెలిసిపోయింది."

"అయ్యో! తిట్టిందా? గెంటేసిందా?" దాని కళ్లు మెరిశాయి. "గెంటేస్తే మంచిదేగా అక్కా! పెట్టె సర్దు!"

"గెంటలేదు. పొయ్యి పక్కన పెట్టమన్నారు."

థర్జా నన్ను చాలాసేపు చూసింది. అది పసిపిల్లగా ఉన్నప్పుడు, జ్వరంలో, నేను గదిలోంచి వెళ్లిపోతానేమోనని అలాగే చూసేది.

"పొయ్యి పక్కన పెడితే?" అంది. "దానికీ నువ్వు రాకపోడానికీ ఏంటి సంబంధం? నీకు బుద్ధుందా? కాగితం అక్కా. ఒక్క సంతకం. నువ్వు పెట్టకపోతే నేనే నీ పేరు రాసి పంపేస్తా."

"రాయి. ఓడ దగ్గరికి నన్నెవరు తీసుకొస్తారు?"

థర్జా కాగితం మడిచి నా ఆప్రాన్ జేబులో కుక్కింది. "సాయంత్రం అయిదింటికి ఆఖరి పోస్టు," అని వెళ్లిపోయింది. అయిదయింది. అప్పుడు నేను మా అత్తగారికి కాళ్లు తుడుస్తున్నాను. వీధిలో పోస్టు బండి వెళ్లిన చప్పుడు విని ఆవిడ, "ఇవాళ రెండు నిమిషాలు ముందే వెళ్లాడు," అన్నారు.

మార్చి మూడోవారంలో వాళ్లు ఓడ కోసం సౌతాంప్టన్ రేవుకి వెళ్లే బస్సెక్కారు. నేను బస్టాండుకి వెళ్లాను. గంట మాత్రమే ఉంటానని ఇంట్లో చెప్పాను. బస్సు ఆలస్యమైంది. పిల్లలు నా కోటు గుండీలు విప్పుతూ ఆడుకున్నారు. డెస్ పెట్టెలు మళ్లీ మళ్లీ లెక్కపెట్టాడు. థర్జా నాతో వాతావరణం గురించి మాట్లాడింది. అక్కడ ఇప్పుడు ఎండలట. నేను, టోపీ పెట్టుకో, అన్నాను.  బస్సు కదిలాక అది కిటికీ అద్దంమీద ఆవిరి తుడుచుకుని నావైపు చూసింది. ఏదో అంది. వినబడలేదు. నేను తల ఊపాను, విన్నట్టు.

బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. గడియారం చూస్తే గంటా పది నిమిషాలైంది. పొయ్యిలో బొగ్గు అడుగంటి ఉంటుంది. ఆవిడ చెయ్యి చాచి పటకారు వెతుక్కుంటూ ఉంటారు. బ్యాంక్ వీధివైపు వెళ్లే బస్సు అవతలిపక్క కదలబోతోంది. కోటు గుండీలు పెట్టుకోకుండానే రోడ్డు దాటి, చెయ్యి ఊపుతూ, "ఆగండి, ఆగండి," అని అరుస్తూ దానివెంట పరిగెత్తాను. నా జన్మలో దేనికోసమూ అంత వేగంగా పరిగెత్తలేదు. కండక్టరు చెయ్యి అందించి నన్ను పైకి లాగాడు.

"ఇంటికి అంత తొందరేంటమ్మా?" అన్నాడు నవ్వుతూ.

నేను సీట్లో కూర్చుని, పిల్లలు విప్పిన గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాను.